ఒత్తులు కనబడే తెర

హాడో, పోర్ట్ బ్లెయిర్
19 ఆగస్టు 2012, ఆదివారం

మేరీకి,

వదిన వందనాలు. ఫోనులో పది నిమిషాలు లాప్‌టాప్ మాటే మాట్లాడేసరికి “రాసి పంపండి వదినగారూ” అని పెట్టేశావు. కోపం వచ్చింది, సాయంత్రానికి పోయింది. ఆ పది నిమిషాల్లోనే మూడు రకాల మెషిన్లు అడిగానని మీ అన్నయ్యగారు వేళ్ళు మడిచి మరీ లెక్క చెప్పారు. క్రేను నడిపే మనిషి, ఆయన లెక్క తప్పదు. అందుకని రాస్తున్నాను.

నేను పదిహేడేళ్ళు పనిచేసిన ప్రెస్సు ఏప్రిల్‌లో మూసేశారని నీకు తెలుసు. మూసేసినా జనం మానలేదు. పెళ్ళికార్డు, అర్జీ, మత్స్యకారుల సంఘం మీటింగు కాయితం, ఏదో ఒకటి పట్టుకుని ఇంటికే వచ్చేస్తున్నారు. ఈ మిట్ట మీద ఇప్పుడు నా పేరు ఎవరికీ అక్కర్లేదు, “టైపింగ్ దీదీ” అంటే చాలు. ఇంట్లో పాత కంప్యూటరు ఈ వానల్లో చెమ్మకి చచ్చిపోయింది. అందుకని సొంతంగా మొదలుపెడదామని. నలభై ఆరేళ్ళకి సొంత వ్యాపారం ఏమిటని నాకే అనుమానం, అది వేరే సంగతి.

అసలు సంగతి ఇది. మా ఫెరార్గంజ్ చర్చి సంఘానికి ఒక పాటల పుస్తకం ఉంది. అచ్చు పుస్తకం కాదు, నోటుబుక్కు. మొదట్లో ఓడ దిగి వచ్చి అడవి కొట్టుకుని పొలాలు చేసుకున్నవాళ్ళు తాము కట్టుకున్న పాటలు అందులో రాసుకున్నారు. నూట పన్నెండు. సగం చెదలు తినేశాయి. వాటిని పెద్దక్షరాలతో అచ్చు వేసి క్రిస్మస్‌కి ఇమ్మని పెద్దలు నన్ను అడిగారు. నేను ఇవ్వలేకపోతే అవతలి దేశంలో, సముద్రం దాటి మీ వైపు, ఏదో ప్రెస్సుకి పంపేస్తారు. వాళ్ళకి ఆ పాటలు ఏం తెలుసు? చెదలు తిన్న చోట చుక్కలు పెట్టి వదిలేస్తారు.

పాటలన్నీ వచ్చినవాళ్ళు ఇప్పుడు ఒక్కరే, మా మావయ్య. ఎనభై ఒకటి నిండాయి. ఒక కంటికి చేసిన ఆపరేషన్ కుదరలేదు. రెండోదానికి పొర కమ్ముతోంది, జనవరిలో మీ విశాఖపట్నంలోనే చేయించాలి. ఎలా అవుతుందో ముందే చెప్పలేమన్నాడు డాక్టరు. వరండాలో కుర్చీ వేసుకుని రోజంతా కూనిరాగం తీస్తూనే ఉంటారు. నేను ఎం.ఏ. తెలుగు చదివానని అందరికీ చెబుతారు, నా తప్పులు దిద్దడం మాత్రం మానరు.

మీ అన్నయ్యగారు క్రికెట్ కోసం నలభై అంగుళాల టీవీ కొన్నారు, తలుపంత ఉంది. దాని పక్కన నా లాప్‌టాప్ అడగడానికి సిగ్గేస్తోంది. అయినా అడుగుతున్నాను. మంచిది, పనికొచ్చేది, ఈ ఉప్పుగాలికి తట్టుకునేది ఏదో చెప్పు.

యిర్మియాకి అక్క దీవెనలు చెప్పు. చలవ చేసేవి తినమను.

లీదియా

తా.క. అసలు నాకు లాప్‌టాప్ అవసరమా? మామూలు కంప్యూటరే నయమేమో. రెండూ ఆలోచించు.


విశాఖపట్నం
3 సెప్టెంబరు 2012

వదినగారికి,

నమస్కారాలు. మీ తా.క. ముందు చదివి, తర్వాత ఉత్తరం చదివాను. ఇకమీదట అలాగే చేస్తాను, ఎలాగూ అదే ఉత్తరాన్ని కొట్టేస్తుంది కదా.

మామూలు కంప్యూటరు మాట మరిచిపోండి. మీకు కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీ తమ్ముడు చెప్పారు. బ్యాటరీ ఉన్నదే కావాలి. వ్యాపారానికని చేసే లాప్‌టాప్‌లు వేరే ఉంటాయి. చూడ్డానికి ఇటుకలా ఉంటాయి, నలుపు తప్ప రంగుండదు, కీబోర్డు మీద టీ ఒలికినా బతుకుతాయి. మా పాలిటెక్నిక్ ల్యాబులో నలభై మెషిన్లకి నేనే ఆయాని. నా మాట వినండి.

మూడు విషయాలు తేల్చాలి: ప్రాసెసరు, గ్రాఫిక్స్, తెర. దేనికీ మీరు పేరు రాయకండి. మీ రోజు రాయండి. పొద్దున మెషిను తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఏమేం చేస్తారు, ఒకేసారి ఎన్ని తెరిచి పెట్టుకుంటారు, తెర వైపు ఎవరు చూస్తారు, అన్నీ. మా స్టోర్సు గుమాస్తా అడిగినా నేను ఇదే చెబుతాను. పని తెలిస్తే మెషిను దానంతటదే తేలుతుంది.

ఇంకొక షరతు. ఫోనులో క్షేమ సమాచారాలే. లాప్‌టాప్ మాట ఎత్తితే యిర్మియాకి ఇచ్చేస్తాను, ఆయన కోళ్ళ గురించి మాట్లాడతారు.

మీ మరదలు
మేరి


హాడో
14 సెప్టెంబరు 2012

మేరీకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. కోళ్ళ దగ్గర ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అంత నవ్వొచ్చింది.

నా రోజు రాయమన్నావు. పొద్దున ఎనిమిదికి మొదలుపెడతాను. పెళ్ళికార్డులు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. పక్కన ఇంకో దాంట్లో ఆఫీసు అర్జీలు. మధ్యాహ్నం రంగు ఆల్బములు చేస్తాను, బాప్తిస్మాల వీడియోలకి పేర్లు వేస్తాను. సాయంత్రం పాటల పుస్తకం. మావయ్య పక్కన కుర్చీలో ఉంటారు, ఒక చరణం చూసి, పాడి, తప్పుంటే చెబుతారు. తెర వైపు చూసేదాన్ని నేనే.

ఆల్బములు, వీడియోలు ఇంకా ఎవరూ అడగలేదు. అడగవచ్చు కదా అని రాశాను. అబద్ధమంటావా?

బజారులో ఒక కొట్టాయన్ని అడిగాను. “మేడమ్, ఐ7 లేలో, పదేళ్ళు దేఖ్‌నా నహీ పడేగా” అన్నాడు, ఆ ప్రాసెసరు కొంటే పదేళ్ళు మళ్ళీ చూసుకోనక్కర్లేదట. గ్రాఫిక్స్ కూడా వేరే కార్డుతో తీసుకోమన్నాడు. ఇంటికొచ్చి మీ అన్నయ్యగారికి చెబితే ఆయన ఒకటే మాట అన్నారు: “క్రేను ఎంత ఎత్తగలదని కాదే, రోజూ ఎత్తేదెంత అని చూడాలి. అయిదు టన్నుల మూటకి నలభై టన్నుల క్రేను తెస్తే డీజిలు తాగుతూ కూర్చుంటుంది.” ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచించాను. ఆయన చెప్పింది సబబే అనిపించింది. కొట్టాయన చెప్పిందీ సబబే అనిపించింది. నా చదువంతా ఇందుకే పనికొచ్చింది, ఎవరు చెప్పినా సబబే అనిపించడానికి.

తెర విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. చుక్కలు, అదే పిక్సెళ్ళు, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. అక్షరాలు పెద్దగా కనబడతాయి. మా టీవీ అట్టపెట్టె మీద ఫుల్ హెచ్‌డీ అని రాసుంది, అలాంటిదే కావాలి. ఆ పెట్టెలో ఇప్పుడు మావయ్య బట్టలు పెట్టుకున్నారు.

లీదియా

తా.క. ఐ7 వద్దు. ఐ5. లేదా ఐ7.


విశాఖపట్నం
28 సెప్టెంబరు 2012

వదినగారూ,

అన్నయ్యగారిని మా ల్యాబులో వేసుకోవాలనుంది. ఆయన క్రేను మాటే నా మాట. మీరు చేసేది అక్షరాల పని. దానికి ఐ5 చాలు, ఎక్కువే. ఐ7 అంటే వేడి, వేడి అంటే ఫ్యాను ఆగకుండా తిరగడం, ఫ్యాను అంటే మీ ఉప్పుగాలిని లోపలికి పీల్చడం. ఐ3 అంటే మీరు నాలుగు తెరిచి పెట్టుకున్న రోజున ఆవులిస్తుంది.

వేరే గ్రాఫిక్స్ కార్డు ఆటలు ఆడేవాళ్ళకి, సినిమాలు కత్తిరించేవాళ్ళకి. అక్షరం ఒకచోట కూర్చునే ఉంటుంది, పరిగెత్తదు. ప్రాసెసరులో ఉన్న గ్రాఫిక్సే దానికి సరిపోతుంది. ఎవరూ అడగని ఆల్బముల కోసం బ్యాటరీ తగలేసుకోకండి. అది అబద్ధమని అనను. ఆశ అంటాను.

తెర గురించి మీకు అనుమానం లేదన్నారు, తప్పు అక్కడే చేశారు. అదే పదిహేను అంగుళాల తెర మీద చుక్కలు పెంచితే అక్షరం పెద్దదవదు, చిన్నదవుతుంది. మామూలు తెరలో అడ్డంగా 1366 చుక్కలుంటే, ఫుల్ హెచ్‌డీలో 1920. పాత సాఫ్ట్‌వేరులో బటన్లు చీమల్లా కనబడతాయి. కానీ అక్షరం అంచులు నున్నగా వస్తాయి. ఇంగ్లీషుకి ఆ తేడా అంతగా తెలియదు. మన తెలుగుకి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. చుక్కలు తక్కువైతే అవన్నీ ముద్దయిపోతాయి. రెండూ చెప్పాను. మీరే తేల్చండి.

అక్టోబరు ఆఖరులో ఇక్కణ్ణుంచి ఓడ ఉంది. మీ వీధిలో చేపలమ్మే కాళమ్మ చెల్లెలు సీతాలు ఎక్కుతోందట, ఇచ్చి పంపుతాను. ఇరవయ్యో తేదీకి నా చేతిలో ఉన్న మీ చివరి ఉత్తరమే లెక్క. తర్వాత వచ్చింది మీ తమ్ముడి కోళ్ళ గూట్లో వేస్తాను.

మేరి


హాడో
8 అక్టోబరు 2012

మేరీకి,

అయితే ఎక్కువ చుక్కలు వద్దు. మామూలు తెరే కావాలి. ఇది ఖాయం.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి చీమలే కళ్ళముందు. అక్షరం చిన్నదైపోతే మావయ్యకి ఏం కనిపిస్తుంది? నిన్న నోటుబుక్కు చూపిస్తే పేజీని ముక్కుకి ఆనించుకుని చదివారు. “చెదలు కూడా నాకంటే దూరం నుంచి చదివుంటాయి లీదియమ్మా” అన్నారు. నవ్వాను. వంటింట్లోకి వెళ్ళాక నవ్వలేదు.

ఇరవై రెండు పాటలు కాయితం మీద ఎత్తి రాశాను. ఆయన పాడుతుంటే నేను రాయడం బాగానే ఉంది. కానీ రాసింది ఆయన చూసి తీరాలి. నోటితో పాడేటప్పుడు రాగం పట్టుకుని సాగిపోతారు, మధ్యలో మాట జారినా తెలియదు. చరణం మొత్తం కళ్ళముందు నిలబడితే అప్పుడు పట్టుకుంటారు. అక్షరం కంటబడితే గానీ జ్ఞాపకం కదలదంటారు. నాకు ఎం.ఏ.లో ఎవరూ ఇది చెప్పలేదు.

ఒక్కోసారి అనిపిస్తుంది, ఈ పని నాది కాదేమోనని. పెద్దలు మంచి ప్రెస్సుకే ఇచ్చుకుంటే బాగుండేదేమో. జనవరి వస్తోంది. నా అనుమానాలతోనే ఆయన చూపు కాస్తా గడిచిపోతోందేమో.

ఐ5, గ్రాఫిక్స్ వద్దు, మామూలు తెర. ఈసారి తా.క. లేదు చూడు.

లీదియా

తా.క. ఐ3 అయినా పరవాలేదు.


విశాఖపట్నం
25 అక్టోబరు 2012

వదినగారూ,

మీ ఎనిమిదో తేదీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది. చదివాను. రెండుసార్లు చదివాను.

ఈరోజు సీతాలుకి మెషిను అప్పగించాను. ఐ5, వేరే గ్రాఫిక్స్ లేదు, పదిహేను అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ తెర. అవును, ఫుల్ హెచ్‌డీ. పెట్టె తెరిచి కోపం తెచ్చుకోకండి. ముందు తీగ తగిలించండి, తర్వాత తిట్టండి.

తీగ ఎక్కడుందంటే, చింతపండులో. సీతాలు చేతిసంచి అప్పటికే కుట్లు తెగేలా ఉంది. బయట పెడితే మూడు రోజుల ఓడ ప్రయాణంలో ఎక్కడో జారిపోతుంది. అందుకని తీగను ప్లాస్టిక్ కవరులో చుట్టి, చింతపండు ముద్ద మధ్యలో పెట్టి గుడ్డమూట కుట్టేశాను. దారిలో ఎవరూ ముట్టుకోరు. ఒక కొస లాప్‌టాప్ పక్కన, ఇంకో కొస అన్నయ్యగారి టీవీ వెనక. రెండూ ఒకలాంటివే, పొరబడడానికి లేదు.

సీతాలు మెషినుని దుప్పట్లో చుట్టుకుని ఎత్తుకుంది. కింద పెట్టమంటే “ఓడ ఊగితే ఇది భయపడిపోద్దమ్మా” అంది.

దీన్ని పోస్టులో వేస్తున్నాను. ఓడకంటే ముందే చేరాలి.

మేరి


హాడో
12 నవంబరు 2012

మేరీకి,

ఓడ ఆలస్యంగా బయల్దేరిందట, మెషిను వచ్చి వారమైంది. సీతాలు దానిని దుప్పటి విప్పి నా చేతుల్లో పెట్టేటప్పుడు పురిటి గదిలోంచి తెచ్చినట్టే తెచ్చింది. గీత కూడా పడలేదు.

ఫోనులో బాగుందని చెప్పాను కదా. అబద్ధం. నువ్వు ఆ మాట ఎత్తొద్దన్నావు, తమ్ముడేమో “బాగుందా అక్కా” అనడిగాడు. ఏమనను?

నా ఎనిమిదో తేదీ ఉత్తరం నీకు అందలేదని పెట్టె తెరవగానే తెలిసింది. వాన వల్ల మా పోస్టు ఆగిపోయి ఉంటుంది. ఉత్తరం ఆలస్యమైతే నీ తప్పేముంది. మామూలు తెర రాశాను. వచ్చింది ఫుల్ హెచ్‌డీ. నువ్వు చెప్పినట్టే చీమలు. పేజీని పెద్దది చేసి చూపించాను. మావయ్యకి కనబడేంత పెద్దది చేస్తే తెరలో సగం పాదమే పడుతోంది. మిగతా సగం కోసం పక్కకి జరపాలి. మూడుసార్లు జరిపేసరికి ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నారు. “పాట ఓడెక్కినట్టుంది లీదియమ్మా, కడుపులో తిప్పుతోంది” అన్నారు. యాభై ఆరులో ఈ ఊరు వచ్చినప్పుడు కూడా ఆయనకి వాంతి కాలేదట.

మామూలు తెరైతే ఇలా ఉండేది కాదేమో. ఉండేదేమో కూడా. నిన్న ఆలోచిస్తే అనుమానం వచ్చింది, తెర పదిహేను అంగుళాలే అయినప్పుడు చుక్కలు ఎన్నయితే ఏమిటని. నాకు తెలియడం లేదు మేరీ. వచ్చే ఓడకి దీనిని పంపిస్తే మార్చి ఇస్తారా? మార్చినా క్రిస్మస్ దాటిపోతుంది. పెద్దలకి నేను చేయలేనని చెప్పేయాలేమో. ఆదివారం చెబుదామనుకున్నాను. కోతపండుగ సందట్లో నోరు రాలేదు.

కోతపండుగ మాత్రం ఘనంగా జరిగింది. అవతలి దేశం నుంచి ఓడలో ఏం తినేది వచ్చినా మొదటిది మూట విప్పకుండా ఆ రోజు చర్చిలో జరిగే కానుకల వేలానికి ఇవ్వడం మా ఇంట్లో అలవాటు, మా అత్తగారు పెట్టింది. నువ్వు పంపిన చింతపండు అలాగే ఇచ్చేశాం. వేలంపాట ఎంత జోరుగా సాగిందో చూడాల్సింది. కాళమ్మ హాడో నుంచి బస్సెక్కి వచ్చి మరీ పాడుకుంది. దేవుడు వేరైనా చింతపండు మా ఊరిదే కదా అంది. పాస్టరుగారు కూడా నవ్వారు. నీ మూట వల్లే ఆ రోజు అంత సందడి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

లీదియా

తా.క. మెషిను మంచిదే. ఆ మాట నిజం. నాకే పనికిరావడం లేదు.


హాడో
24 నవంబరు 2012

మేరీకి,

నీ అక్టోబరు ఇరవై అయిదో తేదీ ఉత్తరం మొన్న, ఇరవై ఒకటిన వచ్చింది. ఓడ వచ్చాక పదిహేను రోజులకి. వరండాలో నిలబడి చదివాను. చింతపండు దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాను.

చెప్పుల్లో కాళ్ళు కూడా సరిగ్గా పెట్టకుండా కాళమ్మ ఇంటికి పరిగెత్తాను. మీ అన్నయ్యగారు నా వెనక. పెరట్లో ఆమె ఎండుచేపలు తిరగేస్తోంది. రెండు వాసాల మధ్య నల్లటి తీగ కట్టి, దాని మీద వరసగా చేపలు. కొసలు రెండూ ప్లాస్టిక్ కవరు చుట్టి మరీ పైకి ముడేసింది.

నన్ను చూసి నడుం మీద చెయ్యేసుకుంది. “దీదీ, నానే వొద్దామనుకున్నాను. చింతపండులో తాడేటెట్టేరు మీ వోళ్ళు? తూకానికా?” అంది.

“తాడు కాదు కాళమ్మా, టీవీ తీగ” అన్నాను.

“టీవీదా? మరి దేవుడి యేలంలో వొచ్చింది, నాకిచ్చేడనుకున్నాను. కొసలకి తడి తగలనియ్యలేదు, ఇత్తడి మెరుస్తంది గదా అని. గట్టి తాడు దీదీ. గాలికి ఊగినా తెగలేదు.”

వేలంలో పాడుకున్నది వెనక్కి అడగకూడదని మా సంఘంలో పట్టింపు. ఆమెకి ఆ పట్టింపు తెలుసో లేదో గాని, చేపలు తీసి బుట్టలో వేసి, తీగ విప్పి నా మెడలో దండలా వేసింది. బదులుగా మీ అన్నయ్యగారు పోర్టు నుంచి నైలాను తాడు తెచ్చి అక్కడే కట్టిచ్చారు. అదే మేలని కాళమ్మ ఒప్పుకోవడానికి అరగంట పట్టింది.

తీగని మూడుసార్లు తుడిచాను. ఇప్పటికీ టీవీ వెనక నుంచి ఎండుచేపల వాసన వస్తోంది. మా పిల్లి ఆ మూల వదలడం లేదు.

తగిలించాం. ముందు ఏమీ రాలేదు. నాకు తెలుసు, తెగిపోయి ఉంటుంది అనుకున్నాను. మీ అన్నయ్యగారు రిమోటుతో ఏదో నొక్కారు. మేరీ, నలభై ఏడో పాట గోడంతా పరుచుకుంది. పల్లవి, మూడు చరణాలు, అన్నీ ఒక్కసారే. ఒక్కొక్క అక్షరం బొటనవేలంత. ఒత్తులన్నీ విడివిడిగా, నున్నగా, ఎవరో బలపంతో దిద్దినట్టు.

మావయ్య వరండాలో ఉన్నారు. కుర్చీ అక్కడే. తలుపు తెరిచే ఉంది కదా, టీవీ ఎదురుగా. నేను పిలవలేదు. కూనిరాగం ఆగింది. తర్వాత అక్కణ్ణుంచే, కుర్చీలోంచి లేవకుండా, చదవడం మొదలుపెట్టారు. పాడలేదు. చదివారు. రెండో చరణం దగ్గర ఆగి, “లీదియమ్మా, ఇక్కడొక పాదం పోయింది, రాసుకో” అన్నారు.

రాసుకున్నాను. నా కంటికి మాత్రం అప్పుడు ఒత్తులు సరిగ్గా కనబడలేదు.

రోజుకి ఆరు పాటలు అవుతున్నాయి. పెద్దలకి ఏమీ చెప్పలేదు. ఒకటి మాత్రం అడగాలి. మామూలు తెర అని నేను రాసిన ఉత్తరం నీకు అందింది. చివరి ఉత్తరమే లెక్క అన్నది నువ్వే. మరి ఎందుకు వినలేదు?

లీదియా


విశాఖపట్నం
5 డిసెంబరు 2012

వదినగారూ,

మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. ముందు రెండోది విప్పడంతో బతికిపోయాను. మీ తమ్ముడికి కాళమ్మ మాటలు చదివి వినిపిస్తే కోళ్ళకి గింజలు చల్లడం ఆపి అక్కడే కూర్చుండిపోయారు. చింతపండు వేలానికి వెళ్ళే ఇల్లని నాకు ఎవరూ చెప్పలేదు. ఈసారి ఏం దాచినా సబ్బుల్లో దాస్తాను.

ఎందుకు వినలేదో చెబుతాను. పంతొమ్మిదో తేదీన మీ ఉత్తరాలన్నీ టేబులు మీద పరిచాను. ల్యాబుకి మెషిన్లు కొనేటప్పుడు అందరి అర్జీలూ అలాగే పరుస్తాను. ప్రాసెసరు మూడు మార్లు మార్చారు. గ్రాఫిక్స్ ఒకసారి కావాలన్నారు, ఒకసారి వద్దన్నారు. తెర అటూ ఇటూ తిప్పారు. మావయ్యగారి కుర్చీ మాత్రం ఒక్క ఉత్తరంలోనూ కదల్లేదు.

తెర వైపు ఎవరు చూస్తారని నేనడిగితే నేనే అన్నారు. దాని ముందు వాక్యంలోనే, ఆయన చూసి తప్పు చెబుతారని రాశారు. అది మీరు గమనించలేదు. మెషిను మీకోసం అనుకున్నారు, చూపు ఆయనది. ఆయనకి పదిహేను అంగుళాల్లో ఏ తెరైనా చాలదు, చుక్కలు ఎన్నున్నా. మీ ఇంట్లో తలుపంత తెర ఉందని మొదటి ఉత్తరంలోనే రాశారు. అది ఫుల్ హెచ్‌డీ అని రెండోదాంట్లో రాశారు. మామూలు తెర మెషినైతే, రెండింటి మీదా ఒకేసారి చూపించేటప్పుడు దాని చుక్కలు ఆ టీవీ మీద సాగి ఒత్తులు ముద్దయ్యేవి. ఇది చుక్కకి చుక్క కూర్చుంటుంది.

ఈ సంగతి ముందే రాస్తే మీరు నాలుగు ఉత్తరాలు అనుమానపడేవాళ్ళు, ఓడ వెళ్ళిపోయేది. అందుకే రాయలేదు. మీ చివరి మాట వినలేదు వదినగారూ. మీరు మొదటి నుంచీ చెబుతున్నది విన్నాను.

అనుమానం మంచిదే అనిపిస్తుంది నాకు. మీరు అన్నివైపులా తిరిగారు కాబట్టే తిరగని చోటు ఏదో నాకు కనబడింది. ఇది నేను ఒక్కసారే ఒప్పుకుంటాను. దాచుకోండి.

జనవరిలో మావయ్యగారి కోసం ముందుగది ఖాళీ చేయించాను. కుర్చీ వేయించాను.

మేరి


హాడో
20 డిసెంబరు 2012

మేరీకి,

నీ ఉత్తరం దాచుకున్నాను. నోటుబుక్కులోనే.

పుస్తకం అయిపోయింది. నూట పన్నెండు పాటలు, చెదలు తిన్న పాదాలతో సహా. పోర్ట్ బ్లెయిర్‌లోనే నూట యాభై ప్రతులు వేయించాం, నిన్న సాయంత్రం కట్టలు ఇంటికొచ్చాయి. మావయ్య మొదటి ప్రతి కాళమ్మకి ఇవ్వమన్నారు. ఆమెకి చదవడం రాదు. ఇచ్చాను. తీగకి బదులా అని అడిగింది, కాదు చింతపండుకి అన్నాను.

ఇంకొకటి జరిగింది, ఎవరూ అనుకోలేదు. సాయంత్రాలు టీవీలో పాటలు కనబడుతున్నాయని మిట్ట మీదవాళ్ళు వచ్చి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఇక్కడ హిందీ బడుల్లో చదివే మన కుర్రకారు తెలుగు మాట్లాడతారు, చదవమంటే “ఆంటీ, హిందీ మే లిఖ్ దో” అంటారు కదా. వాళ్ళే మావయ్య చదువుతుంటే వెనకాల మెల్లగా కూడబలుక్కుంటున్నారు. అంతంత అక్షరాలు, తప్పించుకోవడానికి లేదు. క్రికెట్ ఉన్న రోజున మాత్రం మీ అన్నయ్యగారికీ మావయ్యకీ రిమోటు దగ్గర తగువు. మొన్న మావయ్యే గెలిచారు.

కార్డుల పని, అర్జీల పని బాగానే వస్తోంది. ఆల్బములు ఇంకా ఎవరూ అడగలేదు. నువ్వే గెలిచావు.

జనవరి అయిదున ఓడ. నేనూ వస్తున్నాను. ఆపరేషన్ ఎలా అవుతుందో అన్న అనుమానం నాకు ఉంది, లేదనను. కానీ ఆయన చూడవలసింది చూసేశారు. అది ఇంక ఎవరూ తీసుకుపోలేరు.

వచ్చినప్పుడు నీతో ప్రింటరు గురించి మాట్లాడాలి. నలుపు లేజరు ఒక్కటే కావాలి, రంగు వద్దు. రాసేశాను. కింద తా.క. కోసం ఎప్పటిలా చోటు వదిలాను గాని, మావయ్య కాయితం లాక్కున్నారు.

లీదియా

తా.క. అమ్మా మేరీ, జ్ఞానయ్య రాయునది. అక్షరాలు పెద్దగా రాసితిని, క్షమించవలెను, ఇప్పుడు నాకు అదే అలవాటైనది. నీవు పంపిన చుక్కలన్నియు అందినవి. పుస్తకములో తొంభై మూడో పాటలో ఒక తప్పు ఉన్నది. లీదియమ్మ మొదట ఒప్పుకొనలేదు. అప్పుడు టీవీలో చూపించితిని. ఒప్పుకొన్నది. ఆ తప్పును ఉంచేయమంటిని. అది ఆమె రాసిన పాదము, నా పాదము కంటె బాగున్నది.